లక్షా పదివేల సైకిల్‌కి ఈఎంఐ పెట్టొచ్చా?

ప్రశ్న: నా వయసు 41. విశాఖ మద్దిలపాలెంలో ఉంటాం. జీతం చేతికి 68 వేలు వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 24 వేలు, ఇంటి ఖర్చులు 32 వేలు, పాప చదువు కోసం సిప్ 6 వేలు. ఎఫ్‌డీలో 90 వేలు ఉన్నాయి. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పాక బీచ్ రోడ్డులో సైక్లింగ్ మొదలుపెడదామనుకుంటున్నాను. 1.10 లక్షల రోడ్ బైక్ (సన్న టైర్ల సైకిల్) ఒకటి నచ్చింది. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోమంటారా, ఎఫ్‌డీ తీసేయమంటారా? మా బావమరిది వాడి వదిలేసిన గేర్ సైకిల్ ఇంట్లో ఉంది.

జవాబు: రెండూ వద్దు. సైక్లింగ్ మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి, ఆ పాత సైకిల్ మీదే.

అన్నీ పోగా మీకు నెలకు మిగిలేది 6 వేలు. ఈ సైకిల్ ఈఎంఐ 9,167. తక్కువపడే మూడు వేల కోసం సిప్ ఆపాలి, లేదా కార్డు గీకాలి. కార్డు బాకీ పూర్తిగా కట్టకపోతే వడ్డీ నెలకు మూడు, మూడున్నర శాతం. పైగా ‘నో కాస్ట్’లో వడ్డీ మేరకు డిస్కౌంట్ ఇచ్చినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. 16 శాతం వడ్డీ లెక్కన ఆ జీఎస్టీయే 1,600 దాటుతుంది. ఇక ఎఫ్‌డీ. నెలకు 56 వేలు కావాల్సిన ఇంటికి 90 వేలు రెండు నెలలకు కూడా చాలవు. దాన్ని ముట్టుకోవద్దు.

పాత సైకిల్‌కి ట్యూబులు, బ్రేక్ ప్యాడ్లు, కేబుళ్లు మార్పించండి. మంచి హెల్మెట్ మాత్రం ఇప్పుడే కొనండి. వారానికి మూడు రోజులు పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి సాగర్ నగర్ వైపు 10 కిలోమీటర్లు చాలు. తేలిక గేరులో, పెడళ్లు నిమిషానికి 80 చుట్లు తిరిగేలా తొక్కండి. పెద్ద గేరులో బలంగా తొక్కితే మోకాళ్లు పట్టేస్తాయి, చాలామంది అక్కడే మానేస్తారు. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తెస్తే కాలు పూర్తిగా చాపుకోవాలి. సీటు ఎత్తు అదీ.

కొత్త సైకిల్ కోసం, మిగిలే 6 వేలను ఎనిమిది నెలల ఆర్‌డీలో వేయండి. వడ్డీతో దాదాపు 49 వేలు అవుతుంది. నిజానికి ముందు పెంచాల్సింది ఎమర్జెన్సీ ఫండ్. అయినా మీ ఆరోగ్యం కోసం ఈ ఎనిమిది నెలలకు నాకు అభ్యంతరం లేదు. ఆ తర్వాత అదే 6 వేలు ఫండ్‌కే వెళ్లాలి.

ఆ 49 వేలలో సైకిల్‌కి 40 దాటొద్దు. అల్యూమినియం ఫ్రేమ్, 28 ఎంఎం టైర్లు, షిమానో టూర్నీ లేదా క్లారిస్ గేర్లు మీకు బాగా సరిపోతాయి. మిగతాది ముందూ వెనకా లైట్లు, ప్రెస్టా వాల్వ్‌కి (రోడ్ బైక్ ట్యూబుకుండే సన్నటి వాల్వ్) పట్టే ఫ్లోర్ పంపు, రెండు స్పేర్ ట్యూబులు, టైర్ లివర్లు, ప్యాడ్ ఉన్న షార్ట్స్, తాళానికి. సైకిళ్ల జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో చూసుకోండి. డిస్కౌంట్ ఉందని మీది కాని సైజు ఫ్రేమ్ తీసుకోకండి. నడుము నొప్పితో అమ్ముకోవాల్సి వస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొంటే సీట్ పోస్ట్ (సీటు కింది గొట్టం) బోల్టు వదులుచేసి, దాన్ని పైకి లాగి చూడండి. మన సముద్రపు గాలికి లోపల తుప్పు చేరి బిగుసుకుపోతే తీయడం గగనం. డౌన్ ట్యూబ్ (పెడళ్ల దగ్గర్నుంచి ముందుకు వెళ్లే ఫ్రేమ్ గొట్టం), హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింది పొట్టి గొట్టం) కలిసే చోట వెంట్రుకలాంటి గీత కనిపిస్తే వదిలేయండి. చైన్‌ను తొక్కిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడిచి, 150 కిలోమీటర్లకోసారి చైన్ ఆయిల్ వేయండి. అరిగిన చైన్‌ను సకాలంలో మారిస్తే వెయ్యితో పోతుంది. వదిలేస్తే క్యాసెట్‌ను (వెనక పళ్లచక్రాల గుత్తిని), ముందు పళ్లచక్రాలను కూడా తినేస్తుంది.

రోడ్డెక్కే ముందు బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. ఇంటి లోన్ ఉన్న మీకు అది చాలదు. గాయమై పనికి వెళ్లలేని వారాలకు కూడా డబ్బిచ్చే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఒకటి విడిగా తీసుకోండి, రేసులకు వర్తించదనే షరతు అందులో ఉందేమో చదివి సంతకం పెట్టండి.