రబ్బరు పక్కన పెట్టు

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మ చూశాను. నాయనమ్మ ఫోటోను పెన్సిల్ బొమ్మగా మార్చానని మురిసిపోతూ పంపావు, అందుకని ఆ పూట ఏమీ అనలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆవిడ అరుగు మీద కూర్చున్నట్టు లేదు, గడ్డివాములో కూర్చున్నట్టు ఉంది. వెనకాల ఉన్న కొబ్బరి చెట్లలో ఒక్కొక్క ఆకునూ ఈనెతో సహా నల్లగా గీసిపెట్టింది నీ ఫోనులోని ఆ యాప్. ముఖంలో మాత్రం కళ్ళు రెండు చుక్కలు, నోరు ఒక గీత. మనిషి కన్నా మట్టలు ముఖ్యమని దానికి ఎవరు చెప్పారో! ఎవరూ ఏమీ చెప్పలేదు, అక్కడే వచ్చింది తంటా. వెలుగూ నీడా పక్కపక్కన కనిపించిన చోటల్లా గీత పెట్టడం ఒక్కటే దానికి తెలుసు.

సెలవుల్లో ఫోటోషాప్ నేర్చుకుంటాను, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగావు. లేయర్ మాస్క్ దగ్గర మొదలుపెట్టు. లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పరిచే బొమ్మ పొర, మాస్క్ అంటే ఆ పొరకు వేసే ముసుగు. అది చేతికి వస్తే స్కెచ్ ఎఫెక్టు ఒక సాయంత్రం పని. అంతకన్నా ముందు, పనిముట్ల వరుసలో రబ్బరుముక్క బొమ్మ ఒకటి ఉంటుంది చూడు, ఎరేజర్. సెలవులు అయ్యేదాకా దాని జోలికి పోకు.

ఎందుకో చెబుతాను. నేను స్టూడియోలో పని నేర్చుకునే రోజుల్లో రిటచింగ్ అంతా నెగెటివ్ మీదే. కింద నుంచి వెలుతురు వచ్చే పలక మీద నెగెటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మచ్చల మీద, ముడతల మీద చుక్కలు పెట్టేవాళ్ళం. అవి ప్రింటులో తెల్లబడి చర్మంలో కలిసిపోయేవి. నల్లబరచవలసిన చోట మాత్రం సన్నటి బ్లేడుతో పైపూతను గీకాలి. ఒక పెళ్ళికూతురి ముక్కు మీద ఫ్లాష్ వెలుగు పడి మెరిసింది. కాస్త తగ్గిద్దామని గీకాను. చెయ్యి జారింది, పూత అడుగుదాకా లేచిపోయింది. ప్రింటు తీస్తే ముక్కుపుడక నుంచి చెంప దాకా నల్లటి గీత, పిల్లి గీరినట్టు. వధూవరులు ఇద్దరూ కళ్ళు తెరిచి ఉన్నది ఆ ఒక్క ఫోజులోనే. ప్రింటు మీద రంగు అద్ది ఆ గీతను కప్పిపెట్టడానికి మా గురువుగారికి రెండు రాత్రులు పట్టింది, మళ్ళీ నాతో మాట్లాడడానికి వారం పట్టింది.

ఎరేజర్ ఆ బ్లేడు జాతిదే. అన్‌డూ ఉంది కదా అంటావు. ఫైలు మూసి మర్నాడు తెరువు, ఏ అన్‌డూ ఉండదు. నిన్న చెరిపిన చెవి కొన ఇవాళ కావాలంటే ఎక్కడి నుంచి తెస్తావు? 1990లో వచ్చిన మొదటి ఫోటోషాప్‌లో అసలు లేయర్లే లేవు, 1994లో 3.0తో గాని రాలేదు. వేసింది వేసినట్టే ఉండిపోతే ఎంత కష్టమో చేసినవాళ్ళకూ తెలిసొచ్చి ఉంటుంది.

మాస్కు చెరపదు, కప్పుతుంది. కాలువ నుంచి మన చేలోకి నీళ్ళు వచ్చే తూము గుర్తుంది కదా. తలుపు పూర్తిగా ఎత్తితే నీరంతా వస్తుంది, దించితే ఆగిపోతుంది, సగం ఎత్తితే సగం. దించినంత మాత్రాన కాలువలో నీరు ఎక్కడికీ పోదు. మాస్కులో తెలుపు అంటే తలుపు ఎత్తడం, ఆ లేయరు అక్కడ కనిపిస్తుంది. నలుపు అంటే దించడం, అక్కడ దాని అడుగున ఉన్న లేయరు కనిపిస్తుంది. మధ్యలో ఎన్ని బూడిద రంగులున్నాయో అన్ని మెట్లు. మామూలు 8 బిట్ల ఫోటోలో 0 నుంచి 255 దాకా 256 మెట్లు. తప్పుగా నలుపు పూశావా, దాని మీద తెలుపు పూయి, బొమ్మ మళ్ళీ వస్తుంది.

చేతికి అలవాటు కావలసినవి నాలుగే మీటలు. డి నొక్కితే రంగులు నలుపు తెలుపుగా మారతాయి, ఎక్స్ నొక్కితే అవి తారుమారవుతాయి. ఆల్ట్ పట్టుకుని మాస్కు బొమ్మ మీద నొక్కితే మాస్కు ఒక్కటే తెర నిండా కనిపిస్తుంది. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే మాస్కు కాసేపు పక్కకు తప్పుకుంటుంది. కొత్తవాళ్ళందరూ చేసే తప్పు ఒకటుంది, నువ్వూ చేస్తావు: మాస్కు మీద పూస్తున్నాననుకుని ఫోటో మీదే నల్లరంగు పూసేస్తావు. లేయర్ల వరుసలో రెండు చిన్న బొమ్మలు పక్కపక్కన ఉంటాయి, దేని చుట్టూ గీత ఉంటే కుంచె దాని మీద పనిచేస్తుంది. పూసే ముందు ప్రతిసారీ అటు ఒక చూపు చూడు.

కుంచె అంచు మెత్తగా, బలం (ఒపాసిటీ) 15, 20 శాతం దగ్గర పెట్టుకో. ఒక్క దెబ్బకు కాకుండా నాలుగు పూతల్లో రావాలి. డార్క్‌రూమ్‌లో ముఖం నల్లబడిపోకుండా సన్నటి తీగకు అట్టముక్క గుచ్చి ఎన్‌లార్జర్ వెలుతురుకు అడ్డం పెట్టేవాళ్ళం, దాన్నే డాడ్జింగ్ అనేవాళ్ళం. అట్టను కదలకుండా ఉంచితే దాని ఆకారం ప్రింటులో అచ్చుపడుతుంది, అందుకని చెయ్యి ఆడిస్తూనే ఉండాలి. మెత్తటి కుంచె చేసేది ఆ ఆడించడమే. ఆ డాడ్జ్ అన్న మాట గుర్తుపెట్టుకో, కాసేపట్లో మళ్ళీ వస్తుంది.

గోదావరి పాయ వైనతేయ గట్టు మీద తీసిన ఫోటోలో తెల్లబోయిన ఆకాశం మార్చడానికి, చుట్టూ గీసి ఎంపిక చేసే లాసోతో ఒక్కొక్క కొబ్బరాకు చుట్టూ తిరిగానని రాశావు. పాపం! ఆ పని బ్రహ్మ తరం కూడా కాదు. ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళను విడివిడిగా చూపేవి చానెళ్ళు. వాటి వరుస తెరిచి బ్లూ చానెల్ ఒక్కటే చూడు. ఆకాశం తెల్లగా, మట్టలు దాదాపు నల్లగా ఉంటాయి. అంటే నీకు కావలసిన మాస్కు ఫోటోలోనే ముప్పాతిక వంతు తయారై ఉంది. ఆ చానెల్‌కు నకలు తీసి, కంట్రోల్, ఎల్‌తో లెవెల్స్ తెరిచి రెండు చివరల గుర్తులను లోపలికి జరుపు, మట్టలు పూర్తిగా నలుపు, ఆకాశం పూర్తిగా తెలుపు అయ్యేదాకా. మరీ బిగించకు, ఆకుల కొసలు ముళ్ళలా అవుతాయి. కింద తెల్లచొక్కాలూ నీటి మెరుపూ తెల్లబడి ఉంటే వాటి మీద నలుపు పూసేయి. కంట్రోల్ పట్టుకుని ఆ చానెల్ మీద నొక్కితే తెల్లటి భాగం ఎంపికవుతుంది. అప్పుడు లేయర్ల దగ్గరకు వచ్చి, పైన పెట్టిన మబ్బుల లేయరుకు మాస్కు తగిలించు. ఈనెల సందుల్లోంచి కూడా మబ్బు కనిపిస్తుంది. మబ్బులు మాత్రం నువ్వు తీసినవే వాడు, అదీ ఎండ అదే వైపు నుంచి వస్తున్నప్పుడు తీసినవి. పడమటి ఎండలో ఉన్న చెట్ల మీద తూర్పు మబ్బులు పెడితే ఎక్కడో తేడాగా ఉందని చిన్నపిల్లవాడైనా పట్టేస్తాడు.

ఇక స్కెచ్. ఫోటోను కంట్రోల్, జె తో నకలు తీసి, కంట్రోల్, షిఫ్ట్, యు తో రంగు తీసేయి. దానికి మరో నకలు తీసి కంట్రోల్, ఐ నొక్కు, నెగెటివ్ వస్తుంది. ఈ పై నకలును స్మార్ట్ ఆబ్జెక్టుగా మార్చు. బ్లెండ్ మోడ్, అంటే పై లేయరు కిందిదానితో కలిసే తీరు, కలర్ డాడ్జ్ పెట్టు. తెరంతా తెల్లబడిపోతుంది, అక్కడక్కడా నల్ల నలుసులు మిగలవచ్చు, కంగారుపడకు. ఇప్పుడు బొమ్మను మసకబరిచే గాసియన్ బ్లర్ వేసి నెమ్మదిగా పెంచు. తెల్లకాగితంలోంచి మీ నాయనమ్మ బయటికి వస్తుంది. డెవలపర్ తొట్టెలో ప్రింటు మీద బొమ్మ తేలడం చూసినవాడిని కాబట్టి నాకు ఇప్పటికీ ఆ క్షణం ఇష్టం.

అది ఎలా వస్తుందో తెలుసుకోకుండా ముందుకు వెళ్ళకు. పేర్లు భయపెడతాయి గాని లెక్క ఐదో తరగతిది. కలర్ డాడ్జ్ ఒక భాగహారం. పైన పెట్టింది నెగెటివ్ కాబట్టి, చివరికి ప్రతి చుక్కనూ దాని చుట్టుపక్కల సగటుతో భాగించినట్టు అవుతుంది. తెల్లచీర మధ్యలో ఒక చుక్క విలువ 210, చుట్టూ సగటు కూడా 210 అనుకో. భాగిస్తే 1, అంటే 255, తెల్లకాగితం. చీర అంచు దగ్గర చుక్క 120, చుట్టూ సగటు 200 అయితే 0.6 వస్తుంది, అంటే 153, బూడిద రంగు గీత. చుట్టుపక్కల కన్నా తెల్లగా ఉన్న చుక్కకు ఒకటి దాటిపోతుంది, అదీ తెలుపే. కాబట్టి గీత ఎప్పుడూ అంచుకు నల్లటి వైపునే పడుతుంది. బ్లర్ పెంచితే చుట్టుపక్కల అనే వాడ పెద్దదవుతుంది, గీత లావెక్కి నీడలా పరుచుకుంటుంది. తగ్గిస్తే సన్నబడుతుంది. నీ యాప్ మట్టలను ఎందుకంత నల్లగా గీసిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఎండలో మెరిసే ప్రతి ఆకు పక్కనా ఒక నల్లటి సందు ఉంది మరి.

చాట్‌లో వచ్చిన ఫోటోతో పని చేయకపోవడానికి కారణం కూడా ఈ లెక్కలోనే ఉంది. జేపీఈజీ బొమ్మను 8×8 చుక్కల గళ్ళుగా విడగొట్టి కుదిస్తుంది. బాగా కుదించిన ఫోటోలో ఆ గళ్ళ అంచులు కంటికి కనిపించకపోయినా భాగహారానికి కనిపిస్తాయి, చెంపల మీద చేపల వలలా తేలతాయి. మీ నాన్న కెమెరాలోని అసలు ఫైలు అడిగి తీసుకో.

బ్లర్ ఎంత పెట్టాలి అని అడగకు. 1,200 చుక్కల వెడల్పు ఫోటోకూ 6,000 చుక్కల ఫోటోకూ ఒకే అంకె పనికిరాదు. నాయనమ్మ ఫోటో 4,000 ఉంటుందనుకుంటే, 6 దగ్గర ఒకసారి ఆగు, 45 దగ్గర ఒకసారి ఆగు. స్మార్ట్ ఆబ్జెక్టు చేయమన్నది అందుకే, ఎన్నిసార్లయినా అంకె మార్చుకోవచ్చు. ఆగిన ప్రతిచోటా కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఇ నొక్కితే కనిపిస్తున్నదంతా ఒక కొత్త లేయరుగా అచ్చుపడుతుంది. మొదటిదాన్ని కంటి గుర్తు నొక్కి దాచిపెట్టి గాని రెండోదానికి వెళ్ళకు. మొదటిదానికి సన్నగీత అనీ, రెండోదానికి మెత్తనీడ అనీ పేర్లు పెట్టుకో.

ఇప్పుడు మెత్తనీడ కింద, సన్నగీత పైన, దాని కన్ను మళ్ళీ తెరువు. సన్నగీతకు ఆల్ట్ పట్టుకుని మాస్కు తగిలిస్తే అది నల్లమాస్కుతో మాయమవుతుంది. తెల్లకుంచె తీసుకుని ఎక్కడ గీత కావాలో అక్కడే పైకి తీయి. కనురెప్పలు, ముక్కుపుడక, గాజులు, చీర అంచు, కర్ర పట్టుకున్న వేళ్ళ కణుపులు. చెంపల మీద వద్దు. సన్నగీత చెంప మీదకు వస్తే ఎనభై ఏళ్ళ మనిషికి నూటపాతిక వస్తాయి. నుదుటి ముడతలు రెండు చాలు, మిగతావి మెత్తనీడలోనే ఉండనీ. అన్నిటికన్నా పైన లేత గోధుమరంగు కాగితం లాంటి లేయరు పెట్టి, దానికి కూడా నల్లమాస్కు వేయి. గరుకుగా ఉండే కుంచెతో కొబ్బరి చెట్ల మీద తెలుపు పూస్తూ వాటిని కాగితంలోకి కరిగించు. మూడు మొవ్వులూ, ఒక వంగిన మానూ ఉంటే అది కోనసీమ అని ఎవరికైనా తెలుస్తుంది. అరుగు మెట్లు కిందికి వచ్చేకొద్దీ తేలిపోయి ఆగిపోవాలి, చెయ్యి అక్కడ పెన్సిల్ ఎత్తేసినట్టు.

ఎక్కడ ఎత్తేయాలో కంటికి తెలియాలంటే కంప్యూటర్ చూస్తే రాదు. రాజమండ్రి వెళ్ళినప్పుడు దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్ళు. 1897లో పుట్టి 1925లోనే పోయాడాయన, ఆ కొద్దికాలంలో వేసిన రంగుచిత్రాలతో పాటు పెన్సిల్ స్కెచ్చులూ ఉన్నాయి. గీసినది కాకుండా గీయకుండా వదిలిన చోట్లు చూడు.

రంగు సంగతి. అసలు ఫోటోను అన్నిటికన్నా పైన పెట్టి నల్లమాస్కుతో ఒక్కచోటే రంగు తెప్పించవచ్చు. బొమ్మంతా నలుపు తెలుపు, చేతిలో గులాబీ ఒక్కటి ఎర్రన. దయచేసి ఆ పని చేయకు. మన జిల్లాలో పెళ్ళి ఆల్బమ్‌లన్నీ ఆ గులాబీతో నిండిపోయాయి. కావాలంటే ముఖం మీద పది పదిహేను శాతం బలంతో రంగు ఊరించు, ఉందా లేదా అన్నట్టు.

ఫోటోషాప్‌కు డబ్బు కట్టడానికి మీ నాన్న గొణిగితే అలాంటిదే గింప్ అనే ప్రోగ్రాము ఉంది, 1996 నుంచీ ఉచితమే. మాస్కు వేసేటప్పుడు తెలుపా నలుపా అని అదే అడుగుతుంది. మీటలు కొన్ని వేరు, తూము మాత్రం ఒకటే.

12×18 అంగుళాల ఫ్రేము కట్టించాలంటే, 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున 3,600×5,400 చుక్కలు కావాలి. పని మొదలుపెట్టకముందే ఆ కొలత చూసుకో. ల్యాబ్‌కు జేపీఈజీ నకలు ఇవ్వు. నాకు మాత్రం ఫోటోషాప్ సొంత ఫైలు, పీఎస్‌డీ పంపు, లేయర్లన్నీ కలిపేయకుండా. బొమ్మ బాగుందో లేదో మీ నాన్న చెబుతాడు. నేను ఆల్ట్ నొక్కి మాస్కు చూస్తాను.

ఇట్లు,
పెదనాన్న