సెల్ఫ్ నొక్కితే టక్‌మని ఆగిపోతోంది, మోటారు మార్చాలా?

జనరేటర్‌కి సెల్ఫ్ నొక్కితే ఒక్కసారి టక్‌మని ఊరుకుంటోందని, తాడు లాగితే మాత్రం స్టార్ట్ అవుతోందని రాశారు. మెకానిక్ సెల్ఫ్ మోటారు పోయిందన్నాడట. తొందరపడి మోటారు కొనకండి. నా దగ్గర సెల్ఫ్ ఉన్న జనరేటర్ ఒకటి, గడ్డి కోసే బండి ఒకటి ఉన్నాయి. అవి మొరాయించినప్పుడల్లా చూస్తే తప్పు ఎక్కువగా బ్యాటరీదో వైర్లదో అయ్యేది. మోటారుది అయింది చాలా తక్కువ.

ముందు మల్టీమీటర్ తీయండి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఫుల్ ఛార్జింగ్ అయ్యి, కొన్ని గంటలు ఊరికే ఉన్నాక 12.6 దాకా చూపించాలి. 12.2 ఉంటే సగం ఖాళీ అయినట్టే. అయితే ఈ రీడింగ్ ఒక్కదాన్నే నమ్మితే పప్పులో కాలేసినట్టే. సెల్ఫ్ నొక్కి పట్టుకుని, అప్పుడు ఎంత ఉందో చూడాలి. 9.6 కంటే కిందికి జారిపోతే మొదటి అనుమానం బ్యాటరీ మీదే. అలా జారకుండా 12 పైనే నిలబడి, మోటారు మాత్రం కదలకపోతే కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోతోందన్నమాట. మీరు చెప్పిన ఆ ఒక్క టక్‌కి ఇదే కారణమని నా అనుమానం. బ్యాటరీ వీక్ అయితే సాధారణంగా టకటకటకా వరసగా కొట్టుకుంటుంది. అసలు శబ్దమే లేకపోతే ఫ్యూజు, తాళం స్విచ్ చూసుకోవాలి. గడ్డి బండికైతే సీటు కింద, బ్రేకు దగ్గర ఉండే సేఫ్టీ స్విచ్‌లు కూడా.

కరెంటు ఎక్కడ ఆగుతోందో పట్టుకోవడం కష్టమేం కాదు. మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజన్ బాడీలో శుభ్రంగా ఉన్న లోహం మీద పెట్టి సెల్ఫ్ నొక్కించండి. 0.3 వోల్టులు దాటితే ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ని ఇంజన్ బాడీకి కలిపే వైరు) సరిగ్గా లేదు. నా గడ్డి బండికి ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టింది. పైకి చూస్తే వైరు గట్టిగానే ఉంది! గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సరిపోయింది. ఎర్త్ బాగుంటే రిలే, అంటే సెల్ఫ్ నొక్కగానే టక్‌మని మోటారుకి కరెంటు కలిపే స్విచ్, దాని రెండు పెద్ద బోల్టుల మధ్య అలాగే చూడండి. టక్‌మన్నాక అక్కడ దాదాపు సున్నాకి రావాలి. బ్యాటరీ వోల్టేజీ అంతా అక్కడే కనిపిస్తే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి, రిలే మార్చండి చాలు.

చాలామంది ఆ బోల్టులను స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి చూస్తారు. నేను వద్దంటాను. ఛార్జింగ్‌లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, పక్కన నిప్పురవ్వలు లేస్తే ప్రమాదం. పైగా అలా చేస్తే సేఫ్టీ స్విచ్‌లు పనిచేయవు, గేర్‌లో ఉన్న బండి మీదికే రావచ్చు.

ఇంకో తిరకాసు ఉంది, మెకానిక్‌లు కూడా తరచుగా మర్చిపోయేది. సెల్ఫ్ సగం చుట్టు తిప్పి, కంప్రెషన్ దగ్గర, అంటే పిస్టన్ లోపలి గాలిని నొక్కే చోట, గట్టిగా ఆగిపోతుంటుంది. కొత్త బ్యాటరీ వేసినా అదే తంతు. స్టార్ట్ చేసేటప్పుడు వాల్వును కాస్త తెరిచి ఒత్తిడి తగ్గించే ఏర్పాటు చాలా చిన్న ఇంజన్లలో ఉంటుంది. వాల్వు గ్యాప్ పెరిగిపోతే అది పనిచేయదు, పాపం మోటారు ఆ ఒత్తిడినంతా ఒంటరిగా మోయాలి. మాన్యువల్‌లో ఉన్న కొలతకి గ్యాప్ సరిచేయిస్తే పోయేదానికి కొత్త మోటారు కొన్నవాళ్లున్నారు. మీ తాడు కూడా ఈమధ్య బిగుసుకున్నట్టు అనిపిస్తే ఇది చూపించండి.

మోటారు గిర్రున తిరుగుతూ ఇంజన్ తిరగకపోతే మాత్రం పైకి లేవాల్సిన చిన్న పళ్ల చక్రం ఇరుక్కుంది. శుభ్రం చేసి ఆరనివ్వండి. ఆయిల్, గ్రీజు పూస్తే దుమ్ము అంటుకుని మళ్లీ ఇరుక్కుంటుంది.

సెల్ఫ్ ఒక్కోసారి 5 సెకన్లకు మించి నొక్కకండి, అందుకోకపోతే ఒక నిమిషం ఆగండి. ఈ మోటార్లు తొందరగా వేడెక్కిపోతాయి. నెలల తరబడి వాడనప్పుడు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, నెలకోసారి చిన్న ఆటోమేటిక్ ఛార్జర్‌తో ఛార్జ్ చేయండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 వరకు కనిపించాలి. 12 దగ్గరే ఉండిపోతే ఇంజన్ దాన్ని ఛార్జ్ చేయడం లేదు, ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా అలాగే దిగిపోతాయి.