ఒక్క మూలే దిగుతుంటే వెంటనే స్ప్రింగులు వేయించొద్దు

అన్నా, ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి మీద బండి నిలిచే ఏర్పాటు) ఉన్న మీ 2009 మెర్సిడెస్ ఎస్-క్లాస్ రాత్రి నిలబెడితే తెల్లారేసరికి ముందు ఎడమవైపు కూర్చుండిపోతోందని, చిత్తూరులో మీ మెకానిక్ నాలుగు చక్రాలకూ మామూలు స్ప్రింగులు వేసేద్దాం అంటున్నాడని రాశారు. కాస్త ఆగండి. ఒక్క మూలే దిగుతోందంటే ఎక్కువసార్లు గాలి అక్కడే లీకవుతుంది, మొత్తం సిస్టమ్ పోయినట్టు కాదు.

బండి పూర్తిగా లేచి ఉన్నప్పుడు ఆ మూల స్ట్రట్ (చక్రం దగ్గర బండి బరువు మోసే, గాలి నిండిన రబ్బరు సంచి ఉన్న భాగం) పైన గాలి పైపు బిగించే చోట, రబ్బరు మడతల మీద సబ్బునీళ్లు కొట్టించండి. లీకుంటే సన్నటి తెల్లబుడగలు అక్కడే వరసగా పుడతాయి. స్టాండు పెట్టకుండా మాత్రం మడ్‌గార్డు కింద చెయ్యి పెట్టనివ్వొద్దు, బండి ఉన్నట్టుండి దిగిపోవచ్చు. బుడగలు పైపు దగ్గరొస్తే చిన్న ఖర్చే. రబ్బరు పగిలుంటే ఆ స్ట్రట్ మార్చాలి, పాతవి బాగుచేసి రీబిల్ట్ చేసినవీ దొరుకుతాయి. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. లీకును పూడ్చడానికి గాలి నింపే కంప్రెసర్ అదేపనిగా తిరిగి కాలిపోతుంది, అప్పుడు ఖర్చు రెండింతలు.

స్ప్రింగులు చెడ్డవని కాదు. కంప్రెసర్, వాల్వ్ బ్లాక్ (చక్రాలకు గాలిని పంచేది), రెండు మూడు స్ట్రట్లు ఒకేసారి పోతే నేనూ అవే వేయించుకోమంటాను. కానీ వాటితో వెనక లోడు పెరిగినా బండి సమంగా నిలబడడం, రోడ్డును బట్టి డంపింగ్ (కుదుపులను అణిచే తీరు) మారడం పోతాయి. కారు కంప్యూటర్లో ఆ మార్పుకు కోడింగ్ చేయించకపోతే మీటర్లో వార్నింగ్ వెలుగుతూనే ఉంటుంది. మా నాన్నగారి పాత బండికి మార్పించాక తిరుమల నుంచి దిగే ఘాట్ మలుపుల్లో ఆ తేడా ఆయన నడుముకే ముందు తెలిసింది.

సబ్బునీళ్ల టెస్టులో ఏం కనిపించిందో ఫొటో పెట్టండన్నా, చూసి చెప్తాను.