డాలస్‌లో పుట్టిన నాయిక, రంగం వెళ్ళిన ముత్తాత: ఈ నవలను సహజంగా రాయడం ఎలా?

మీరు అడిగింది ఇది: డాలస్‌లో పుట్టిన పదహారేళ్ళ అమ్మాయి సెలవులకు శ్రీకాకుళం జిల్లాలోని తాతగారింటికి వస్తుంది. అటక మీద ముత్తాత డైరీ దొరుకుతుంది. ఆయన ఒకప్పుడు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళాడని అందులో చదువుతుంది. చదివినవాళ్ళు ఇది అతికినట్టు లేదన్నారు. ఎక్కడ సరిదిద్దాలి, అమ్మాయికి తెలుగు ఎంత వచ్చి ఉండాలి అన్నవి మీ సందేహాలు.

ముందు ఆ డైరీని తీసేయండి. మన తీరం నుంచి రంగం వెళ్ళినవారిలో ఎక్కువమంది కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకుని ఓడెక్కిన కూలీలు. రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. వాళ్ళకు తెలిసిన సంతకం వేలిముద్ర. మారిషస్ కథ అయితే వేరు. 1834 నుంచి ఒప్పందం మీద అక్కడికి వెళ్ళిన కూలీల రిజిస్టర్లు మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఇప్పటికీ ఉన్నాయి, వారసులు వెళ్ళి వెతుక్కుంటారు. బర్మా మాత్రం 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాగితాల మీద అది పరదేశ ప్రయాణం కూడా కాదు. కాబట్టి మీ నాయికకు మిగిలేది ఇంట్లోవాళ్ళ మాటలే. ఆ మాటలు కూడా సగం తప్పుగానే మిగులుతాయి. మీ నవల అక్కడ మొదలుకావాలని నా అభిప్రాయం. ఎందుకో మా ఇంట్లో జరిగినదే చెబుతాను.

మా నాయనమ్మ రంగంలో పుట్టింది. అక్కడి సంగతులు అడిగితే ఎక్కువ చెప్పేది కాదు. చెప్పిన కొద్ది మాటల్లో ఒకటి మాత్రం అందరికీ కంఠతా వచ్చు: "మా అమ్మ పొద్దున్నే లేచి అందరికీ తనఖా రాసేది." ఇంకేముంది, ముత్తవ్వ రంగంలో వడ్డీ వ్యాపారం చేసేదని, జనం బారులు తీరితే తనఖా పత్రాలు రాసిచ్చేదని మేమంతా నమ్మాం. "ముత్తాత మిల్లులో ఉండేవాడు" అన్న మాట "ముత్తాతకు మిల్లు ఉండేది"గా మారడానికి కూడా ఎక్కువ కాలం పట్టలేదు. ముత్తవ్వకు అక్షరం ముక్క రాదని మా అందరికీ తెలుసు. అయినా ఒక్కరికీ అనుమానం రాలేదు. కూలి చేసుకుని బతికారనడం కంటే వడ్డీకి ఇచ్చారనడం మా ఇంటికి గౌరవంగా తోచింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఇదే.

2017లో మా తమ్ముడి కుటుంబం ఇండియానాపొలిస్ నుంచి వచ్చింది. అప్పుడు నా మేనకోడలికి పదహారేళ్ళు. భోజనాల దగ్గర మా తమ్ముడు ఈ తనఖా కథ ఎత్తుకున్నాడు. అమ్మాయికి తనఖా అంటే ఆస్తి తాకట్టు అని తెలియదు, ఆ మాట మన భాషలో ఎప్పుడూ వినలేదు. కానీ ఆ నగరంలో బర్మా నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి, ఆమె తరగతిలోనూ ఆ పిల్లలు ఉన్నారు. "తనఖా అంటే బుగ్గలకు రాసుకునేది కదా అత్తా?" అంది. ఫోనులో స్నేహితురాలి ఫోటో చూపించింది. ఆ పిల్ల బుగ్గల మీద లేత పసుపు రంగు పూత ఉంది. ఒక చెట్టు బెరడును రాతి మీద నీళ్ళతో గంధంలా అరగదీసి ఎండ తగలకుండా, చలువ కోసం రాసుకుంటారట.

నాయనమ్మ అప్పటికి లేదు. ఆమె చెల్లెలు, మా చిన్న నాయనమ్మ, పక్క గదిలో పడుకుని ఉంది. అమ్మాయి ఫోను తీసుకెళ్ళి చూపించింది. ఆవిడ చాలాసేపు చూసి, తన బుగ్గ మీద వేలితో గుండ్రంగా రాసుకుంది. "అమ్మ ముందు తమ్ముడికి రాసేది, వాడు ఏడ్చేవాడు" అంది.

మా వంశవృక్షంలో ఆ తమ్ముడు లేడు. ఆ పిల్లవాడి సంగతి మేము వినడం అదే మొదటిసారి. యుద్ధమప్పుడు రంగం వదిలి నడిచి వస్తూ, ప్రోమ్ అనే ఊరి మీదుగా బర్మా పడమటి అంచున ఉన్న అరకాన్ కొండలు దాటుతుంటే విరేచనాలు పట్టుకుని దారిలోనే పోయాడట.

మీ నాయికకు ఇలాంటి అవకాశం ఇవ్వండి. మీ చిత్తుప్రతి సారాంశంలో అందరూ ఆమెకు చెబుతున్నారు, ఆమె వింటోంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. డాలస్‌లో పదహారేళ్ళు పెరిగిన పిల్ల ఖాళీ చేతులతో రాదు. అక్కడి తరగతి గది నుంచి, పక్కింటి నుంచి ఏదో ఒకటి తెస్తుంది, అది లేకపోతే ఇక్కడివాళ్ళ కథకు తాళం తెరుచుకోదు. అలా రాస్తే ఆమెను ఎవరూ సానుభూతితో చూడనక్కర్లేదు. తెలుగు ఎంత రావాలన్నదానికీ ఇదే నా జవాబు. వినడానికి సరిపడా వస్తే చాలు. కొన్ని మాటలు రాకపోవడం కథకు మేలే.

ముత్తాత తిరుగు ప్రయాణం రాసేటప్పుడు తేదీలు సరిచూసుకోండి. రంగూన్ మీద జపాన్ బాంబులు పడింది 1941 డిసెంబరు 23న. నగరం వాళ్ళ చేతికి చిక్కింది 1942 మార్చి 8న. కొండదారిన అక్యాబ్ రేవు, అక్కడి నుంచి చిట్టగాంగ్ చేరి రైళ్ళలో వచ్చినవాళ్ళకు ఇక్కడా నెమ్మది లేదు, ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. విశాఖలోని బర్మా క్యాంపు అనే పేటను మాత్రం ఈ నడకతో కలపకండి. అది 1960లలో బర్మాలో వ్యాపారాలు జాతీయం చేశాక తిరిగొచ్చినవారి కథ, వేరే తరం.

ఇంకొక్క మాట. చిన్న నాయనమ్మను మేనకోడలు ఆ తమ్ముడి పేరు అడిగింది. ఆవిడ చెప్పింది, మేము వంశవృక్షంలో రాసుకున్నాం. ఆ తర్వాత మళ్ళీ రంగం గురించి ఎంత అడిగినా ఆవిడ నోరు విప్పలేదు. మీ ముసలావిడతో కూడా అన్నీ చెప్పించకండి. ఆ అధ్యాయం రాశాక ఇక్కడ పెడితే తప్పకుండా చదువుతాను.