పాఠకుల ప్రశ్నలు: కనిపించని పొరలో బావి దారి

ప్రశ్న: మా అబ్బాయి చమురు బావుల పనిలో చేరాడు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్కడో ఉన్న బావిని భూమిలో అడ్డంగా నడిపిస్తానంటాడు. ఇనుప గొట్టం ఎలా వంగుతుంది? కనిపించని రాతిలో దారి ఎలా తెలుస్తుంది? రాత్రిపూట ఫోను చేస్తే ఎత్తడు కూడా.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, విజయవాడలో స్థిరపడక ముందు పాతికేళ్లు నేను చేసింది ఈ పనే. వంపు సంగతి తేలిక. 30 మీటర్లకు 8 డిగ్రీల చొప్పున తిప్పినా ఆ మలుపు వ్యాసార్ధం సుమారు 215 మీటర్లు. అంత విశాలమైన మలుపులో ఉక్కు గొట్టం ఒదిగిపోతుంది.

కష్టమంతా దారి దగ్గరే. మన ఊళ్లలో బోరు వేసేటప్పుడు పైకొచ్చే మట్టిని చూసి ఇసుక తగిలిందని చెబుతారు కదా. చమురు బావిలోనూ రాతిపొడి వస్తుంది. కానీ మూడు కిలోమీటర్ల లోతు నుంచి రావడానికి ఒక్కోసారి గంట దాటుతుంది. అందుకే రాతిని తొలిచే మొన, అంటే బిట్ వెనక, గొట్టంలోనే పరికరాలు అమరుస్తారు. ఒకటి రాతిలోని సహజ గామా కిరణాలను లెక్కిస్తుంది. షేల్ అనే బంకరాయిలో పొటాషియం, థోరియం ఎక్కువ కనుక అంకె పెరుగుతుంది. శుభ్రమైన ఇసుకరాయిలో తగ్గుతుంది. (మన కృష్ణా గోదావరి బేసిన్‌లోని రాఘవపురం షేల్ గురించి మీ అబ్బాయిని అడగండి, ఉత్సాహంగా చెబుతాడు.) ఇంకొకటి విద్యుత్ నిరోధాన్ని కొలుస్తుంది. ఉప్పునీరున్న రాతిలో అది తక్కువ, చమురున్న రాతిలో ఎక్కువ.

ఈ అంకెలు పైకి వచ్చే తీరు నాకు ఇప్పటికీ ముచ్చటే. తీగ ఉండదు. గొట్టంలో పారే, బురదలాంటి ద్రవమైన మడ్‌ను ఒక కవాటం మాటిమాటికీ అడ్డుకుంటుంది. మేడమీద కుళాయి టక్కున కట్టేస్తే కింద గొట్టం అదురుతుందే, అలాంటి అదురునే పైన చదువుతాం. సెకనుకు నాలుగైదు ఒకట్లూ సున్నాలూ వస్తే సంతోషించిన రోజులున్నాయి.

ఒక రాత్రి 3 మీటర్ల మందమున్న ఇసుకరాయి పొరలో వెళ్తుండగా గామా పెరిగింది. పొర పైకప్పు తగిలిందనుకుని బిట్‌ను కిందికి దించమన్నాను. నిజానికి మేము అడుగునుంచి జారిపోయాము. పొర వాలుకూ బావికీ 1 డిగ్రీ తేడా ఉంటే చాలు, నట్టనడుమ ఉన్నా 86 మీటర్లలో బయటపడతాము. ఆ పొరపాటు నాదే. తిరిగి పొరలోకి చేరేసరికి తెల్లవారింది. అప్పటి పరికరం చుట్టూ ఉన్న రాతి సగటు మాత్రమే చెప్పేది. షేల్ పైనున్నా కిందున్నా అంకె ఒకటే. ఇప్పుడు తిరుగుతూ పైవైపునూ కిందివైపునూ విడిగా కొలిచేవి ఉన్నాయి. పొర అంచును కొన్ని మీటర్ల ముందే పసిగట్టే నిరోధ పరికరాలూ వచ్చాయి.

అయినా సెన్సరు బిట్ వెనకే ఉంటుంది. అంకె చేరేసరికి బిట్ ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. కనుక మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి: బిట్‌ను తిప్పమనే ముందు, ఇదే అంకె రావడానికి ఇంకే కారణం ఉండవచ్చో ఒక కాగితం మీద రాసుకోమనండి. ఆ రాత్రి నేను చేయనిది అదే.

ఫోను సంగతి. కొత్త గొట్టం కలిపేటప్పుడు పంపులు ఆపి, కదలిక లేని ఆ నిమిషాల్లో బావి వాలునూ దిక్కునూ కొలుస్తారు. పంపులు మొదలవగానే ఆ అంకెలు తెర మీదికి వస్తాయి. మీ ఫోను అలాంటప్పుడు మోగి ఉంటుంది. షిఫ్టు దిగాక తననే చేయమనండి.