రాగి మందుకూ చావని ఈగలు

ప్రశ్న: సార్, మాది నర్సంపేట దగ్గర పల్లె. మిరపకు కాయకుళ్లు రాకుండా మా బాపు రాగి మందు కొడతాడు. డ్రమ్ము పక్కన కుళ్లిన టమాటాల మీద చిన్న ఈగలు మాత్రం ముసురుతూనే ఉన్నాయి. రాగికి అలవాటు పడ్డాయా?
– బీఎస్సీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: బిడ్డా, నీ ఉత్తరం చదవగానే మా ల్యాబులోని గ్లూకోజు సీసాలు గుర్తొచ్చాయి. నేను జువాలజీ చెప్పే రోజుల్లో ఈ ఈగలనే, డ్రోసోఫిలాలను, అరటిపండు గుజ్జు మీద పెంచేవాళ్లం. ఒకసారి గుజ్జులో మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ అనే రాగి లవణం, కలిపాం. చాలా సీసాల్లో పిల్లపురుగులు చచ్చిపోయాయి. రెండింటిలో మాత్రం ఈగలై ఎగిరాయి. అన్నిటికీ ఒకటే మోతాదు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలవాటు అనే మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఒకటి, ఒక్క ఈగ బతుకులో జరిగేది. రాగో, కాడ్మియం అనే విష లోహమో కణంలో పెరగగానే ఎంటీఎఫ్-1 అనే ప్రోటీను కొన్ని జన్యువులను నిద్ర లేపుతుంది. వాటి నుంచి మెటలోథయోనిన్లనే బుల్లి ప్రోటీన్లు తయారవుతాయి. వాటిలో ఎంటీఎన్-ఏ అనేదానికి ఉన్నవి 40 అమైనో ఆమ్లాలే, అందులో 10 సిస్టీన్లు. సిస్టీన్‌లోని గంధకం రాగిని గట్టిగా పట్టేస్తుంది, ఇక అది కణానికి చెరుపు చేయలేదు. ఎంటీఎఫ్-1 లేని ఈగలు మామూలు ఈగలు తట్టుకునే రాగికి కూడా చస్తాయి.

రెండోది తరాలది. కొన్ని ఈగల్లో ఈ ఎంటీఎన్-ఏను తయారుచేసే జన్యువు పక్కపక్కనే రెండు ప్రతులుగా ఉంటుంది. 1987లో అచ్చయిన పరిశోధనలో నాలుగు ఖండాల ఈగల్లో ఇలాంటివి దొరికాయి. వాటి పిల్లపురుగులు రాగినీ కాడ్మియాన్నీ ఎక్కువ తట్టుకున్నాయి. ఆ రెండో ప్రతి రాగి నేర్పింది కాదు, జన్యువుల నకలు తీసేటప్పుడు పొరపాటున వచ్చింది. రాగి ఉన్నచోట అది ఉన్న ఈగలు బతికి గుడ్లు పెడతాయి. లేనివి తగ్గిపోతాయి.

ఈగలు చావట్లేదని బాపు మోతాదు పెంచకుండా చూడు, నాకు అదే టెన్షన్. కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటి రాగి మందు బూజు తెగుళ్లకు మందు, పురుగుమందు కాదు. కాపర్ ఆక్సీక్లోరైడ్ అయితే లీటరు నీటికి 3 గ్రాములు చాలు. రాగి విరిగిపోయే పదార్థం కాదు, ఏటేటా నేలలో పేరుకుంటుంది.

మీ చేను ఈగలను, హాస్టల్ వెనక ఈగలను వేరువేరు సీసాల్లో పెంచి, ఒకే మోతాదు మైలుతుత్తం పెట్టి చూడు. బతికినవాటి పిల్లలను మళ్లీ అదే మోతాదు మీద పెంచు. మేము ఆ పని మొదలుపెట్టేలోపే సెలవులొచ్చాయి, సీసాలు కడిగేశారు.