పంపులో దాళ్వా నాటి పెట్రోలు

ప్రశ్న: మేస్త్రి గారూ, మాది కోనసీమలో కాలువ గట్టు ఊరు. దాళ్వాలో (రబీలో) మందు కొట్టాక తైవాన్ స్ప్రేయర్‌ని, అదే పెట్రోలు ఇంజనుతో నడిచే మందు పంపుని, అలాగే ఎరువుల గదిలో పెట్టేశాం. ఇప్పుడు సార్వా (ఖరీఫ్) చేలో పురుగు కనిపిస్తోంది. ఎంత తాడు లాగినా పంపు స్టార్ట్ కావడం లేదు. ట్యాంకులో సగం పెట్రోలు ఉంది. టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకు పెట్రోలులో కలిపే ఆయిల్) కలిపింది ఇంకో రెండు లీటర్లు నీళ్ల సీసాల్లో ఉంది. అది వాడొచ్చా? కొత్త పంపు కొనుక్కోమంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు తాడు లాగడం ఆపండి. కొత్త పంపు మాట అప్పుడే వద్దు. సార్వా మందుల సమయంలో మా షాపుకొచ్చే పంపుల్లో చాలావాటికి ఇంజను బాగానే ఉంటుంది, పెట్రోలే చెడిపోయి ఉంటుంది.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు మూతకున్న చిన్న రంధ్రంలోంచి పగలూ రాత్రీ గాలి ఆడుతూనే ఉంటుంది, మీ ఊళ్లో తేమకు కొదవ లేదు. నీరు హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి అడుక్కి దిగిపోతాయి. టూటీ ఆయిల్ మాత్రం పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ఇంజనుకు వెళ్లే గొట్టం ఉండేది అడుగునే కదా! ఆ ఆయిల్ లేని సరుకుతో ఇంజను స్టార్ట్ కాకపోతేనే మీ అదృష్టం. స్టార్ట్ అయితే మాత్రం పిస్టన్ పట్టేస్తుంది, అప్పుడు నిజంగానే పెద్ద ఖర్చు. కార్బరేటర్‌లో మిగిలిన చుక్కలదీ వేరే గొడవ. తేలికపాటి భాగం ఆవిరైపోయి, మిగిలింది బంకలా జెట్‌కు, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రానికి, అడ్డుపడుతుంది.

సీసాల్లోది వాడకండి. రంగు చూసి బాగుందనుకోవద్దు, ఆ రంగు టూటీ ఆయిల్‌ది. గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచితే అడుగున వేరే పొర ఏర్పడడమో, మొత్తం మసకబారడమో కనిపించవచ్చు. అవేవీ లేకపోయినా ఇన్ని నెలల సరుకును టూ స్ట్రోక్ ఇంజనులో పోయొద్దనే నేను చెబుతాను. పొయ్యి రాజెయ్యడానికి అస్సలు వాడొద్దు, బోదెలో పారబోయొద్దు. దగ్గర్లో మెకానిక్ షాపు వాళ్లు తీసుకుంటారేమో అడగండి. ఇక నీళ్ల సీసాలో పెట్రోలు పెట్టడం ఇంట్లో పిల్లలున్నవాళ్లు చేయకూడని పని. దాహమేసి ఎవరైనా ఎత్తి తాగితే ప్రాణం మీదికొస్తుంది.

పంపు సంగతికొస్తే, ట్యాంకు పూర్తిగా వంపేసి, ఫిల్టరు, పెట్రోలు గొట్టం చూడండి. గొట్టం గట్టిపడితే మార్చేయండి. కార్బరేటర్ విప్పి క్లీనర్ స్ప్రేతో జెట్ కడగాలి. దయచేసి సూదితో పొడవకండి. రంధ్రం పెద్దదైతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పొగ కక్కుతుంది. విప్పడం అలవాటు లేకపోతే మెకానిక్‌కే ఇవ్వండి. తర్వాత కొత్త పెట్రోలుతో మిశ్రమం కలపండి. మీ పంపు పుస్తకంలో 25:1 (25 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్) అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్, 50:1 అంటే 20. విడిగా డబ్బాలో కలిపి ఊపి పోయాలి, ఆ రోజుకు కావలసినంతే కలపాలి. చాలా కంపెనీల పుస్తకాలు 30 రోజుల హద్దు చెబుతాయి, మన తేమకు నేను అంతకూడా ఆగను.

సీజను అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడపండి. అప్పుడు కార్బరేటర్ కూడా ఎండుతుంది. ప్లగ్ తీసి నాలుగు చుక్కల టూటీ ఆయిల్ వేసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగి ప్లగ్ బిగించండి. ఎరువు బస్తాల పక్కన మాత్రం పెట్టకండి, ఇనుము తుప్పు పడుతుంది.

ప్రశ్న: మాకు షామియానా షాపు ఉంది. మూఢాలొస్తే పెట్రోలు జనరేటరు ఊరికే ఉంటుంది. పెట్రోలు చెడకుండా కలిపే స్టెబిలైజర్ పోస్తే సరిపోతుందా?

జవాబు: కొత్త పెట్రోలులో పోస్తేనే పనిచేస్తుందమ్మా, చెడింది తిరిగి బాగుపడదు. పోశాక పది నిమిషాలు నడపండి, కార్బరేటర్ దాకా చేరుతుంది. ట్యాంకు నిండుగా ఉంచితే లోపల గాలికి చోటు తక్కువ. మూఢం ఎక్కువ రోజులుంటే మాత్రం స్టెబిలైజర్‌ని నమ్ముకోకుండా ట్యాంకు ఖాళీ చేయండి. తర్వాత కార్బరేటర్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, అందులో మిగిలింది కూడా గిన్నెలోకి దించేయండి. ఈ పని ఆరుబయట, ఇంజను చల్లారాకే చేయాలి.